ఇంటి నుంచి ఏమీ తేకూడదు

నేను గిటారు వాయించేవాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా వాయించాను. ఎలాంటి గిటారు అని ఎవరైనా అడిగితే మా ఆవిడ విజయ నాకంటే ముందే జవాబు చెప్పేస్తుంది. "ఆయన వాయించేది ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో వాయించేవాళ్ళకే తెలియాలండీ" అంటుంది. ఇన్నేళ్ళలో నా సంగీతం మీద వచ్చిన సమీక్షలన్నిటిలోకీ నిక్కమైనది అదే.

ఈ మధ్య మా దిల్‌సుఖ్‌నగర్ కాలనీలోనే ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "అంకుల్, అవాంట్-గార్డ్ జాజ్‌లోకి రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. వెంటనే కొంచెం జాలి కూడా వేసింది. స్వరాలు, మెట్లు, వేళ్ళ విన్యాసాలు అన్నీ ఫోన్లో చూసి నేర్చేసుకున్నారు. ఆ విషయాల్లో వాళ్ళకే నేను శిష్యరికం చెయ్యాలి. కానీ ఫోన్లో దొరకనివి కొన్ని నా దగ్గరున్నాయి. ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే. అవి రాద్దామని కూర్చున్నాను.

శాలువాలు, జ్ఞాపికల సంగతి రాయను. మొత్తం మూడు శాలువాలు వచ్చాయి. ఒకటి ఇస్త్రీ బల్ల మీద పరిచాం, మిగతా రెండూ ఎక్కడున్నాయో విజయను అడగాలి.

అసలు ఇదేం పని

అవాంట్-గార్డ్ జాజ్ అని మేం వాయించే సంగీతానికి ముందు రాసుకున్న స్వరాలు ఉండవు. పల్లవి, చరణం ఉండవు. ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఏదో ఒకటి మొదలుపెడతారు, రెండోవారు విని దానికి బదులిస్తారు. బస్టాపులో ఇద్దరు తెలిసినవాళ్ళు కలిస్తే మాటలు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు కదా, ఇదీ అంతే. చేతకానివాళ్ళు చేసే పని అని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే, బాగా చేతనైనవాళ్ళలో కూడా ఎక్కువమంది వల్ల కాదు. ఎందుకంటే ఇందులో వాయించడం చిన్న పని, వినడం పెద్ద పని.

నాకు ఈ పిచ్చి ఒక క్యాసెట్ వల్ల పట్టింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత క్యాసెట్ అది. పైన పేరు లేదు. ఇంటికొచ్చి వేస్తే గిటారు ఒక దారిన, డ్రమ్స్ ఇంకో దారిన పోతున్నాయి. టేపు నలిగిందనుకుని బయటికి లాగి, పెన్సిల్ పెట్టి చుట్టి, మళ్ళీ వేశాను. అలా మూడుసార్లు చుట్టాను. నాలుగోసారి వింటున్నప్పుడు, నలిగింది టేపు కాదు, నా చెవులకు అలవాటు లేదంతే అని అర్థమైంది. మా నాన్నగారు తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ గుమాస్తా. తలుపు దగ్గర నిలబడి కాసేపు విని, "దుకాణం వాడికి తిరిగిచ్చేయ్ రా, తీసుకుంటాడు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు.

పెళ్ళికూతురు ఆగిపోయింది

అప్పటికి నేను పాండురంగం మాస్టారి ఆర్కెస్ట్రాలో పనిచేస్తున్నాను. పెళ్ళిళ్ళకు, రిసెప్షన్లకు సినిమా పాటలు వాయించడం మా పని. మాస్టారు కీబోర్డు ముందు కూర్చుంటే నా వైపు కన్నెత్తి చూడరు గానీ, నేను ఏ తీగ మీద వేలేశానో చెప్పగలరు.

ఒకరోజు ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్. పెళ్ళికూతురు స్నేహితురాళ్ళతో కలిసి, మేం వాయించే పాటకు అనుగుణంగా నెమ్మదిగా అడుగులు వేసుకుంటూ వేదిక దాకా రావాలి. పాట చివర ఎక్కడ ముగియాలో అందరికీ తెలిసిన చోట, నేను ఆ క్యాసెట్ మత్తులో వేరే స్వరాలు కొట్టాను. పాట నేలకు దిగకుండా గాల్లో ఆగిపోయింది. ఆ అమ్మాయి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి మా వైపు చూసింది. వెనక వస్తున్న స్నేహితురాళ్ళు ఆమె మీద పడ్డారు.

మాస్టారు వెంటనే సర్దేశారు. భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచారు. తిడతారనుకున్నాను.

"సుబ్బూ, నీకు నచ్చింది వాయించుకోనీకి లోకంల శానా జాగలున్నయ్ బిడ్డా" అన్నారు. "గా పిల్ల నడవనీకి ఇయ్యాల గిదొక్కటే తొవ్వ."

ఇది నాకు దొరికిన మొదటి పాఠం. కొత్తగా వాయించేవాళ్ళకు తమ కొత్తదనం ఎక్కడ చూపించాలో తెలియదు, కనపడ్డ చోటల్లా చూపిస్తారు. మీరు ఎవరి పాటలో ఉన్నారో ముందు చూసుకోండి. ఎదుటి మనిషి కాలు ఎత్తి ఉందేమో చూసుకోండి.

అయితే ఆ రోజు ఇంకో సంగతి కూడా జరిగింది. నేను ఆ వంకర స్వరాలు కొట్టిన మరుక్షణమే వెనక నుంచి ఎవరో సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద చిన్నగా తట్టారు. నా వంకరకు సరిగ్గా అతికే వంకర అది. తిరిగి చూస్తే మా డ్రమ్మర్ యాదగిరి. పగలంతా బస్ డిపోలో మెకానిక్కు, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో డ్రమ్స్. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ళ నాన్న డప్పు కొట్టేవాడు. సామాన్లు సర్దుకునేటప్పుడు నా దగ్గరికొచ్చాడు.

"గది మల్లొకపారి వాయించు."

వాయించబోయాను. రాలేదు. రెండోసారి ప్రయత్నించాను. అదీ రాలేదు.

"రాలే? అయితే మంచిదే" అన్నాడు యాదగిరి, తన పెట్టె మూసుకుంటూ.

రామ్మూర్తి గారి నల్లబల్ల

నాకూ యాదగిరికీ కలిసి వాయించుకోవడానికి చోటు దొరకలేదు. మా ఇంట్లో నాన్నగారు, వాళ్ళింట్లో పసిపిల్ల. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే లెక్కల రామ్మూర్తి గారు ఆదివారం మధ్యాహ్నాలు హాలు ఇస్తానన్నారు. ఒకటి నుంచి నాలుగు దాకా అక్కడ క్లాసులు ఉండవు. ఆయన పెట్టిన షరతు ఒకటే, నల్లబల్ల మీద లెక్కలు చెరపకూడదు.

అలా పద్నాలుగేళ్ళు, ఆయన సగంలో వదిలేసిన లెక్కల ముందు కూర్చుని వాయించాం. ఎప్పుడైనా రామ్మూర్తి గారు వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. ఒకసారి లేచి వెళుతూ, "మీది లెక్క కాదండీ, అలాగని తప్పు అనడానికీ లేదు" అన్నారు. మేం ఆ మాటను శాలువా కంటే భద్రంగా దాచుకున్నాం.

మా గురువు మాత్రం వేరే. కొత్తపేట పండ్ల మార్కెట్లో మామిడికాయల వేలం వేసే మనిషి. యాదగిరి ఒక పొద్దున్నే డ్యూటీకి వెళ్ళబోతూ నన్ను అక్కడికి లాక్కెళ్ళాడు. కాయల కుప్ప పక్కన నిలబడి ఆయన గొంతెత్తి ధరలు పాడుతున్నాడు. చుట్టూ వ్యాపారులు. ఒకతను కనుబొమ్మ ఎగరేస్తాడు, పాట పైకి పోతుంది. ఇంకొకతను మొహం తిప్పుకుంటాడు, పాట తగ్గి, వేగం మారి, అతని వైపే మళ్ళీ తిరుగుతుంది.

"గాయన్ని జూడు" అన్నాడు యాదగిరి నా చెవిలో. "ఏం పాడాల్నో ఇంటికాడ అనుకొని రాలే. ఎదురుంగ ఉన్న మొకాలు జూసి పాడుతుండు. మనం గూడ గట్లనే. ఇంటికెల్లి ఏం తేవద్దు."

అదే మా నియమం అయింది. ఇంటి నుంచి ఏమీ తేకూడదు. ముందు కట్టుకున్న ముక్క, ఇంట్లో సాధన చేసిన జిలుగు, ఏదీ ఉండకూడదు. సాధన వేరు, రోజూ మూడు గంటలు చేసేవాళ్ళం. కానీ సాధన చేసింది చేతుల్లో ఉండాలి గానీ జేబులో ఉండకూడదు. మిగతా సంగీతాల్లో తయారు కాకుండా రావడం తప్పు. మా దాంట్లో తయారు చేసుకుని రావడం తప్పు. బయటివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుందని నాకు తెలుసు.

వినాయకుడి ముందు

ఒక ఏడాది మా కాలనీ వినాయకుడి మండపంలో కార్యక్రమం పెట్టమని అడిగారు. మనవాడే కదా అని పిలిచారు పాపం. ఏం వాయిస్తామో వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇరవై నిమిషాలు ప్రాణం పెట్టి వాయించాం. ఆ రోజు యాదగిరి చేతులు ఎలా నడిచాయో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ముగించి, చెమటలు తుడుచుకుని, దణ్ణం పెడదామని లేచాం. ఈలోగా కమిటీ అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"భక్తులారా, సౌండ్ చెకింగ్ పూర్తయింది. కళాకారులు ఇప్పుడు తమ కార్యక్రమం ప్రారంభిస్తారు."

యాదగిరి నన్ను చూశాడు, నేను యాదగిరిని చూశాను. ఒక పాత భక్తిపాట అందుకున్నాం. జనం కలిసి పాడారు. ప్రసాదం రెండు పొట్లాలు ఎక్కువే ఇచ్చారు. ఇంటికి నడుస్తూ యాదగిరి ఎంత నవ్వాడంటే చైతన్యపురి దగ్గర ఒక మెట్టు మీద కూర్చుండిపోయాడు.

నేనూ నవ్వాను. అయితే లోపల ఎక్కడో గుచ్చుకుంది. యాదగిరికి గుచ్చుకోలేదు. మా ఇద్దరికీ ఉన్న తేడా అదేనని అప్పుడు నాకు తెలియలేదు.

నేను చేసిన తప్పు

ఇక దాటేయడానికి వీల్లేని చోటికి వచ్చాను.

నగరంలో ఒక పెద్ద ఆడిటోరియంలో సంగీతోత్సవం జరిగింది. ముంబై నుంచి నిర్వాహకులు వస్తున్నారు, నచ్చినవాళ్ళను దేశమంతా తిప్పి కచేరీలు చేయిస్తారు అన్నారు. మాకూ అరగంట దొరికింది. యాదగిరి, "మంచిదే. ఇంటరు, పోతరు. మనకేం పరేషాన్?" అన్నాడు. నాకు మాత్రం ఆ మాట సరిపోలేదు. పద్నాలుగేళ్ళుగా జనం నవ్వడమో, లేచిపోవడమో, సౌండ్ చెకింగ్ అనడమో చూశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరూ కదలకుండా కూర్చుని వింటే చాలనిపించింది. నాకది కావాలి. చెడ్డ కోరికేం కాదు. దానికోసం నేను చేసిన పని చెడ్డది.

మూడు వారాలు రోజూ మధ్యాహ్నం డాబా మీద, విజయ ఆరబెట్టిన వడియాల పక్కన కూర్చుని, ఐదు నిమిషాల ముక్క ఒకటి కట్టుకున్నాను. అందమంతా మొదట్లోనే ఉంది. మూడు స్వరాలు దగ్గర దగ్గరగా వచ్చి, నాలుగోది చిటికెన వేలు బాగా చాచి ఎక్కడో దూరాన అందుకోవాలి. అది సరిగ్గా పడితే విన్నవాళ్ళ ఊపిరి ఆగుతుంది. వందలసార్లు చేసి సరిగ్గా పడేట్టు చేశాను.

కచేరీ ముందురోజు విజయ వంకాయలు తరుగుతూ దాన్నే కూనిరాగం తీస్తోంది.

"ఈ ముక్క బాగుందండీ. రేపు వాయించేది ఇదేనా?"

"ముందు అనుకునేదేం ఉండదే. అక్కడ అప్పటికప్పుడు ఏది వస్తే అది."

"మరి మూడు వారాలుగా వస్తున్నదేంటండీ?"

నేను గిటారు తీగలు తుడవడంలో మునిగిపోయినట్టు నటించాను.

మర్నాడు వేదిక మీద పది నిమిషాలు మామూలుగానే సాగింది. తర్వాత నేను కళ్ళు మూసుకుని, ఇప్పుడే తట్టినట్టు మొహం పెట్టి, డాబా మీది ముక్క తీశాను. చిటికెన వేలు అందుకుంది. హాలు నిశ్శబ్దమైంది. నాకు ఒళ్ళు తేలిపోయింది. కాసేపటికి డ్రమ్స్ వినిపించడం లేదని గమనించాను. కళ్ళు తెరిచి చూస్తే యాదగిరి కర్రలు రెండూ డ్రమ్ము మీద పక్కపక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివరిదాకా అలాగే కూర్చున్నాడు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర వెనక నేను అతని మొహం వైపు చూడలేకపోయాను.

"నిన్ను మూడుపార్లు గుంజిన" అన్నాడు యాదగిరి. గొంతులో కోపం కూడా లేదు. "ఒకపారి నిమ్మలం చేసిన. ఒకపారి జోరు చేసిన. ఒకపారి మొత్తం ఆపిన. నువ్వు నా దిక్కు జూడనే లే."

అప్పుడు క్షమించమని అడిగి ఉంటే సరిపోయేది. నేను, "జనానికి నచ్చింది కదా" అన్నాను.

"నచ్చింది. ఎవరొద్దన్నరు? తెస్తున్న అని నాకొక్క మాట చెప్తే, నేను గూడ ఇంత సద్ది కట్టుకొస్తుంటి. ఇంటికాడ వండుకొని తెచ్చి నా ముంగట ఒక్కనివే తిన్నవ్. నేనేమో ఉపాసముండి ఒచ్చిన."

పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం నేను రామ్మూర్తి గారి హాలుకు వెళ్ళాను. నాలుగింటిదాకా ఒక్కణ్ణే బల్ల మీది లెక్కలు చూస్తూ కూర్చున్నాను.

పేరొచ్చిన కాలం

ముంబై వాళ్ళకు నేను నచ్చాను. దేశమంతా తిరిగాను. వేరే డ్రమ్మర్లు దొరికారు, అందరూ నాకంటే బాగా చదువుకున్నవాళ్ళే. ఎక్కడికి వెళ్ళినా ఆ ముక్క కావాలని జనం ఎదురుచూసేవాళ్ళు. కళ్ళు మూసుకుని, ఇప్పుడే తట్టినట్టు మొహం పెట్టి, ఏళ్ళ తరబడి అదే వాయించాను. ఒక పత్రికలో 'అప్పటికప్పుడు పొంగివచ్చిన స్వరధార' అని రాశారు. విజయ ఆ కాగితం చదివి, మడిచి, ఏమీ అనకుండా నాకిచ్చింది. ఏమీ అనకపోవడం ఆవిడకు అలవాటు లేని పని.

పిల్లలూ, ఇక్కడ నన్ను సరిగ్గా అర్థం చేసుకోండి. ముందు కట్టుకుని వాయించడం నేరం కాదు. ప్రపంచంలో సంగీతమంతా దాదాపు అలాంటిదే. ఆ ముక్క కూడా చెడ్డదేం కాదు. పక్కన కూర్చుని నన్నే నమ్ముకుని వింటున్న మనిషికి నా దగ్గర ఏమీ లేదని చెప్పి, జేబులోంచి తీయడం నేరం. నన్ను ఎవరూ పట్టుకోలేదు, అదే నాకు పడ్డ శిక్ష. ఎవరైనా హాల్లో లేచి "ఇది పోయిన వారం పూనాలో వాయించావు కదయ్యా" అంటే కాళ్ళ మీద పడేవాణ్ణేమో.

ఒకసారి యాదగిరి పనిచేసే డిపో గేటు దాకా వెళ్ళి, ఎదుటి హోటల్లో టీ తాగి తిరిగొచ్చాను. మీర్‌పేట్‌లో వాళ్ళమ్మాయి పెళ్ళికి కార్డు పంపాడు, వెళ్ళాను. పంక్తుల మధ్య తిరుగుతూ నా విస్తరి ముందు ఆగాడు.

"తిన్నవా?"

"తిన్నాను."

పదకొండేళ్ళలో మేం మాట్లాడుకున్నది అంతే.

రెండు వేళ్ళు

పోయిన ఏడాది ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారడం మొదలైంది. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గింది గానీ వేళ్ళు తిరిగి రాలేదు. అన్నం కలుపుకోవడానికి కుడిచెయ్యి ఉంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదని విజయ ధైర్యం చెప్పింది. ఆ మాటకు నవ్వాను, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే రామ్మూర్తి గారు ఫోన్ చేశారు. ఇప్పుడు పిల్లలందరికీ పాఠాలు ఫోన్లోనే. హాలు ఖాళీ చేసేస్తున్నారు. "ఆఖరి ఆదివారం మీ ఇద్దరూ ఒకసారి వాయించి వెళ్ళండి. బల్ల మీద లెక్క చెరపకుండా ఉంచుతాను" అన్నారు. ఇద్దరూ అన్నారాయన. ఆయనకు విషయం తెలియదో, తెలిసే అన్నారో.

ఈ చేత్తో ఇక నాకు మిగిలింది ఒక్క కచేరీ. అది యాదగిరి లేకుండా చేస్తే, నా మొత్తం వృత్తి ఆ ఐదు నిమిషాల అబద్ధంగానే మిగిలిపోతుంది. మర్నాడే ఎల్బీనగర్‌లో బస్సెక్కాను.

యాదగిరి రిటైరయ్యాక బాటసింగారంలో ఇల్లు కట్టుకున్నాడు. పెద్ద అంబర్‌పేట్ దాటాక బస్సు దిగి, మామిడి లారీల పక్కగా నడిచి వెళ్ళాను. పండ్ల మార్కెట్ కూడా ఇప్పుడు అక్కడికే వచ్చేసింది కదా. ఇంటి ముందు వసారాలో డ్రమ్ముల మీద పాత దుప్పటి కప్పి ఉంది. పెద్ద డ్రమ్ము మీద ఒక కోడి కూర్చుంది. యాదగిరి నులకమంచం మీద ఉన్నాడు.

"గీడికెట్లొచ్చినవ్?"

"బస్సులో."

"కూసో. మార్కెట్ గూడ నా ఎంబడే ఒచ్చింది, నువ్వే ఆల్చెం చేసినవ్."

వాళ్ళావిడ నర్సమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి, "బాగున్నవా అన్నా?" అని పలకరించి లోపలికి వెళ్ళింది. నేను దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ మర్చిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"యాదగిరీ, ఆ రోజు నిన్ను మోసం చేశాను. తర్వాత కూడా అదే వాయించుకుంటూ బతికాను. తప్పు నాది."

అతను డ్రమ్ము మీది కోడిని అదిలించాడు.

"గీ మాట చెప్పనీకి పదకొండేండ్లు పట్టిందా? ఎల్బీనగర్ నుంచి గంట తొవ్వ గూడ గాదు!"

ఆదివారం సంగతి చెప్పాను. చెయ్యి చూపించాను. అతను నా రెండు వేళ్ళనూ పట్టుకుని, మెకానిక్ చూసినట్టే వంచి, వదిలి చూశాడు.

"మిగిలినయెన్ని?"

"బొటనవేలు కాక రెండు."

"రెంటితోటి ఒస్తదా?"

"తెలీదు."

"ఇంటికాడ వాయించి జూడలేదా?"

"చూడలేదు."

అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు. వస్తాననలేదు, రాననలేదు. "జూస్తా" అన్నాడు, అంతే. నర్సమ్మ సంచీ నిండా మామిడికాయలు ఇచ్చి పంపింది.

ఆఖరి ఆదివారం

ఒంటిగంటకు హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. రామ్మూర్తి గారి పాత విద్యార్థులు, కాలనీ వాళ్ళు, ఆ ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు, ముందు బెంచీలో విజయ. బల్ల మీద సగం చేసిన లెక్క ఉంది. ఒకటింపావు అయింది. యాదగిరి రాలేదు. రామ్మూర్తి గారు గడియారం చూసుకున్నారు. నేను తీగలు సవరించిందే సవరిస్తున్నాను. కింద ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. మెట్ల మీద ఏదో తగిలి బూమ్మని మోగింది. ఆ మోతను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

అతను ఎవరినీ పలకరించకుండా డ్రమ్ములు అమర్చుకున్నాడు. పెద్ద డ్రమ్ము అంచున ఒక కోడి ఈక అంటుకుని ఉంది. కూర్చుని నాకు తలూపాడు.

గిటారు ఎత్తాను. ఇక్కడ అబద్ధం చెప్పను. ఏమీ తేకుండానే వచ్చానని ప్రమాణం చేసి చెప్పగలను, కానీ పదకొండేళ్ళ అలవాటు నా చేతిలోనే కూర్చుని ఉంది. నాకు తెలియకుండానే మొదటి స్వరం పడింది, రెండోది పడింది, మూడోది పడింది. డాబా మీది ముక్క. చెయ్యి ఆగకుండా నాలుగో స్వరం వైపు సాగింది. చిటికెన వేలు లేవలేదు. తీగ మీద చచ్చినట్టు పడి, టక్కుమని ఒక మొద్దు చప్పుడు చేసింది. అంతే, అక్కడితో నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ ముక్క మధ్యలో నేను యాదగిరి వైపు చూడటం అదే మొదటిసారి. అతను అప్పటికే నన్నే చూస్తున్నాడు. ఒక క్షణం ఆగి, డ్రమ్ము అంచు మీద కర్రతో టక్కుమన్నాడు. నా మొద్దు చప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే.

నేను మళ్ళీ టక్కుమన్నాను. అక్కడి నుంచి మొదలైంది.

ఎంతసేపు వాయించామో రామ్మూర్తి గారు చెబితే తెలిసింది, నలభై నిమిషాలట. బాగుందో లేదో నేను చెప్పలేను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, అది మాత్రం చూశాను. విజయకు అందులో ఒక్క ముక్క కూడా గుర్తు లేదట. నాకూ లేదు. వాయించినంతసేపూ యాదగిరి ఏమంటున్నాడా అని వింటూనే ఉన్నాను, ఇంకో ఆలోచన రాలేదు. ఈ వృత్తిలో నాకు కావలసిందల్లా అదేనని అంత ఆలస్యంగా తెలిసినందుకు సిగ్గుగానూ ఉంది, హాయిగానూ ఉంది.

అందరూ వెళ్ళాక గిటారు పెట్టెలో పెడుతూ చెప్పేశాను. దాచుకుని ఇంటికి తీసుకుపోవడం ఇక నా వల్ల కాదు.

"యాదగిరీ, మొదట్లో మళ్ళీ అదే వచ్చింది. కావాలని కాదు, చెయ్యి దానంతటదే పోయింది."

యాదగిరి డ్రమ్ముకు గుడ్డ చుడుతున్నాడు.

"ఎరికే" అన్నాడు. "సద్ది డబ్బా చెయ్యి జారి కింద పడ్డది గదా. జూసిన."

"మరి?"

"మరేంది? ఇయ్యాల ఇద్దరం ఉపాసమే. పా, ఏమన్న తిందాం."